ఊళ్లో పిలిచే పేరు

"ఎన్ని గంటలకు బయల్దేరినాడు పెద్దమ్మా? సుమారుగా వద్దు. సరిగ్గా చెప్పు."

ఎలీషబా గడప మీద కూర్చుని, ఫోను అద్దాన్ని కొంగుతో తుడుస్తూ ఆలోచించింది. మూడు రోజులుగా ఆ అద్దం తుడిచీ తుడిచీ అరగ్గొట్టినంత పని చేసింది.

"చర్చి మైకులో పొద్దుటి పాట అయిపోయింది. నేను చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టినా. ఆరుంబావు బస్సుకు పోయినాడు."

"దావలో ఫోన్ చేసినాడా?"

"కంభంలో దిగి చేసినాడు. ఏడున్నరకు. మళ్లీ గిద్దలూరులో, తొమ్మిది కొట్టినాక. 'ఆఫీసు మేడమీదుందమ్మా, కింద టీకొట్టుంది. ఇంకా గంటన్నర టైముంది, ఆడనే కూసుంటా' అన్నాడు."

"ఆఖరి ఫోను?"

"పన్నెండు దాటినాక. 'సెలెక్టయినానమ్మా' అన్నాడు." "ఏడ్సినాడు. నేనూ ఏడ్సినా. ఒకటీ ఇరవైకి అన్నం తిన్నాడో లేదోనని నేనే చేస్తే స్విచ్చాఫ్."

గోపిక రాసుకుంది. గురువారం, ఆరుంబావు, ఏడున్నర, తొమ్మిది, పన్నెండు దాటాక, ఒకటీ ఇరవై. ఇవాళ శనివారం, ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. కొడుకు కనబడకుండా పోయి రెండు రోజులు దాటింది. పోలీసులు ఫిర్యాదు కాగితం తీసుకుని, "ఉద్యోగం పోయిన పిలగాడు కదా, మనసు బాగలేక యాడికో పోయుంటాడు, వస్తాడులే" అని పంపించేశారట. ఉద్యోగం పోయినవాళ్లంతా ఎక్కడికో పోతూనే ఉంటారని వాళ్ల నమ్మకం కాబోలు. గోపికకు ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఆమె ఎక్కడికీ పోలేదు. పోవడానికి చోటు ఉంటేగా!

మార్కాపురంలో ఒక గది, ఒక స్టవ్వు, ఒక స్కూటీ. హైదరాబాదు కంపెనీ ఒకదానికి పదకొండేళ్లు వెరిఫికేషన్ పని చేసింది. ఎవరికైనా ఉద్యోగం ఇచ్చేముందు వాళ్లు చెప్పిన అడ్రసు నిజమా, పాత ఉద్యోగం నిజమా అని ఇంటికెళ్లి కనుక్కుని రిపోర్టు రాయడం ఆ పని. హనుమంతునిపాడు నుంచి గిద్దలూరు దాకా ఆమె తొక్కని వీధి లేదు. మార్చిలో తొమ్మిది నిమిషాల వీడియో కాల్‌లో ఆ పదకొండేళ్లూ అయిపోయాయి. నిన్న నెట్‌సెంటర్లో నూట పద్దెనిమిదోసారి తన బయోడేటా ఎక్కిస్తుంటే, పక్కన ఈ ముసలమ్మ కొడుకు ఫోటో ప్రింటు తీయిస్తూ కనబడింది. మార్కాపురం ఆసుపత్రిలో యాక్సిడెంటు కేసులన్నీ చూసుకుని వచ్చిందట. "ఈ మేడం ఎంక్వైరీలు చేస్తాది, అడుగమ్మా" అని నెట్‌సెంటర్ అతను ఊరికే అన్నాడు. గోపిక కాదనలేకపోయింది. నాలుగు నెలల్లో తనను ఒక పని అడిగిన మొదటి మనిషి ఈమె.

"ఆ లెటర్ చూపించు పెద్దమ్మా."

కొడుకు ఆమె ఫోనుకు పంపిన ఉత్తరం అది. సురభి వేర్‌హౌసింగ్ అని పైన బొమ్మ, కింద గుండ్రటి ముద్ర. గిద్దలూరు గోడౌనుకు స్టోర్స్ సూపర్‌వైజర్ కావాలని, ఇంటర్వ్యూ గురువారం పదిన్నరకని, ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు వెంట తేవాలని ఉంది. గోపిక కన్ను పాస్‌పోర్టు దగ్గర ఆగింది. గిద్దలూరులో బస్తాలు లెక్కపెట్టడానికి పాస్‌పోర్టు ఎందుకు?

"పాస్‌పోర్టు ఉండాదా?"

"కువైటుకు పోతానని ఎప్పుడో తీసినాడు. నేనే పోనీలా."

అడ్రసు చదివింది. 'తిమోతి, వీరమ్మ గారి ఇంటి ఎదురు, అర్ధవీడు.'

"సర్టిఫికెట్లలో కూడా తిమోతేనా?"

ఎలీషబా లోపలికి వెళ్లి రేకుపెట్టె తెరిచి, పదో తరగతి జిరాక్సు తెచ్చి చేతిలో పెట్టింది. పేరు క్రాంతి కుమార్ అని ఉంది.

"అది బడిలో ఏసిన పేరు. ఆధారులో, బ్యాంకులో అంతా అదే. ఇంట్లో, చర్చిలో తిమోతి. ఆ పేరుతో ఈడ ఎవురూ పిలవరమ్మా. అట్ల పిలిస్తే వాడే పలకడు."

అదీ సంగతి! ఈ కాలనీలో సగం ఇళ్లలో ఇంతే, కాగితం మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు. ఈ అబ్బాయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేది క్రాంతి కుమార్ పేరుతోనే. ఏ కంపెనీ అయినా జవాబు రాస్తే క్రాంతి కుమార్‌కే రాయాలి. ఈ ఉత్తరం తిమోతికి వచ్చింది. అంటే రాసినవాడు బయోడేటా చూడలేదు. ఇతన్ని ఊళ్లో పిలిచే పేరుతో ఎరిగినవాడు.

"ఉద్యోగం పోయిందని ఎవరెవరికి చెప్పుకున్నారు పెద్దమ్మా?"

"ఎవురికి చెప్పుకుంటాం? దేవునికి చెప్పుకున్నాం. పోయిన నెల శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పేరిచ్చినా."

*

పాస్టరు విశ్వాసం గారు చర్చి పక్క గదిలో నేల మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి. గోపిక చెప్పులు విప్పి లోపలికి వచ్చిందే తడవుగా అడగడం మొదలుపెట్టింది.

"ప్రార్థన మనవులు మీరే చదువుతారా పాస్టరు గారూ?"

"నేనే చదువుతానమ్మా."

"మైకులోనా?"

"మైకులోనే. ఊరంతా ప్రార్థన చేయాలి కదా."

"తిమోతి గురించి ఏం చదివినారు?"

ఆయన పక్కనున్న నోటుబుక్కు తిప్పారు. "'ఎలీషబమ్మ కుమారుడు తిమోతికి ఉద్యోగం పోయినది, మంచి ఉద్యోగం కొరకు.' అంతే."

"వాట్సాప్‌లో?"

"అదే మాట గ్రూపులో పెట్టినాం."

"గ్రూపులో ఎందరు?"

"రెండొందల పన్నెండు మంది. మనోళ్లే. బెంగుళూరులో, హైదరాబాదులో పనికి పోయినోళ్లు గూడా ఉండారు."

"ఆ రెండొందల పన్నెండు మందిలో ఎవరికి ఎవరు తెలుసో మీకు తెలుసా?"

ఆయన చేతిలో నోటుబుక్కు మెల్లగా మూశారు. "నా నోటితోనే ఆ బిడ్డను పట్టిచ్చినానా అమ్మా?"

లేదని చెప్పాలనిపించింది గోపికకు. కానీ తెలియని మాట చెప్పే అలవాటు ఆమెకు లేదు. "ఇంకా తెలీదు. ఫోను దగ్గర పెట్టుకోండి," అంది.

"నేను పోయి ఆ తల్లి కాడ కూసుంటా," అని ఆయన కండువా అందుకున్నారు.

*

గిద్దలూరు చేరేసరికి పదకొండూ నలభై అయింది. టీకొట్టు శ్రీరాములు చేతిలోనే పైగది తాళాలు కూడా ఉంటాయి. యజమాని నంద్యాలలో ఉంటే ఇక్కడ అద్దెలు చూసుకునేది ఇతనే. మనిషికి అనుమానం ఎక్కువ, ఓపిక తక్కువ.

"మీరు పోలీసా?"

"కాదన్నా."

"మరెందుకు చెప్పాల?"

"ఒక ముసలామె కొడుకు కనబడ్డంల్యా. నువ్వు టీ పోసిన పిల్లోడే. గురువారం పొద్దున తొమ్మిది నుంచి నీ బల్ల మీదే కూచున్నాడు."

శ్రీరాములు పొయ్యి మంట తగ్గించాడు. "తెల్లచొక్కా పిల్లోడా? ఒళ్లో డబ్బా పెట్టుకోని? రెండు టీలు తాగినాడు. భయంగా ఉందన్నా అన్నాడు. ఏం కాదులే పో అన్నా."

"ఎందరు వచ్చినారు ఇంటర్వ్యూకు?"

"ముగ్గురు. ఇంటర్వ్యూ చేసేటోళ్లు ఇద్దరు. పన్నెండున్నరకు పైకి ఐదు టీలు పంపినా. ఒకటింబావుకు వెనక మెట్ల మీద దిగి బండెక్కినారు. తెల్లబండి, తమిళనాడు నంబరు."

"ముగ్గురూ ఇష్టంగా ఎక్కినారా?"

"ఎవురూ గొడవ పడలా. ట్రైనింగుకు పోతాండాం అన్నారు. ఒక్క మాట మటుకు చెప్తా, ఆ తెల్లచొక్కా పిల్లోడు మెట్ల మీద ఆగి ఎనక్కి తిరిగినాడు. పైన ఏదో మర్చిపోయినా అంటే, పెద్దాయన భుజం మీద చెయ్యేసి తీసకపోయినాడు."

"పెద్దాయన ఎట్లుంటాడు?"

"మాస్కు పెట్టుకోనుండె. ఇద్దరూ పెట్టుకోనుండ్రి."

"గది తాళం ఇచ్చి పోయినారా?"

"ల్యా. ఒకటి వాళ్ల కాడే ఉంది. ఇది రెండోది." కొక్కేనికి ఉన్న తాళంచెవి తీసి, పైకి వచ్చి తలుపు తెరిచి, పొయ్యి మీద పాలు ఉన్నాయంటూ దిగిపోయాడు.

గదిలో ఒక బల్ల, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు. రెండు బల్లకు అటువైపు, మూడు ఇటువైపు. గోపిక తలుపు దగ్గరే నిలబడి ముందు నేలంతా చూసింది. ఇటువైపు చివరి కుర్చీ కింద స్టీలు డబ్బా కనబడింది. మోకాళ్ల మీద కూర్చుని మూత తీసింది. పులిహోర. ఒక్క ముద్ద కూడా కదల్లేదు. రెండు రోజుల వాసన గుప్పున కొట్టింది.

ఎవరు ఎవరితో ఇష్టంగా పోయినా, తల్లి కట్టిచ్చిన డబ్బా వదిలేసి పోడు. మర్చిపోయాడే అనుకుందాం, వెనక్కి వచ్చి తీసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కూడా ఇవ్వలేదు వాళ్లు.

బల్లకు అటువైపు, గోడ మూల, సన్నటి తీగలాంటిది మెరిసింది. ఫోనులోంచి సిమ్ము బయటికి తీసే పిన్ను. పక్కనే కొత్త సిమ్ము వచ్చే చిన్న ప్లాస్టిక్ కవరు చింపి పడేసి ఉంది. గోపిక ఆ రెంటినీ కాగితంలో మడిచి పెట్టుకుంది. ఒకటీ ఇరవైకే ఫోను ఆగిపోయి ఉంది. తిమోతి ఆపలేదు. ఒకటింబావుకు ముందే ఆ ముగ్గురి ఫోన్లూ ఈ బల్ల మీద విప్పేశారు.

"నువ్వే అయ్యుంటావనుకున్నా. కింద స్కూటీ చూశాను."

వెనక్కి తిరిగింది. గుమ్మంలో మోహన్‌కృష్ణ. ఆమె పాత టీం లీడర్. మెడలో కంపెనీ కార్డు, చంకలో ఫైలు, చక్కగా ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. మార్చిలో తొమ్మిది నిమిషాల కాల్‌లో ఆమె పేరు చదివింది ఈ మనిషే.

"మీరెందుకొచ్చారు సార్?"

"నీ ప్రశ్న నేనడగాలి. సురభి వాళ్లు కేసు మనకిచ్చారు. వాళ్ల పేరుతో ఎవడో దొంగ ఆఫర్లు పంపుతున్నాడు. నేను ఆఫీసు తరఫున వచ్చాను. నువ్వు ఎవరి తరఫున?"

"ఒక తల్లి తరఫున."

"ఆవిడ జీతం ఎంతిస్తుందేం?"

గోపిక డబ్బా మూత పెట్టింది. "జీతం ఇచ్చేవాళ్లు తీసేశారు కదా సార్. లిస్టులో నా పేరు పెట్టింది మీరే."

"లిస్టు పైనుంచి వచ్చింది."

"నంబరు పైనుంచి వస్తుంది. పేరు కిందే రాస్తారు."

మోహన్‌కృష్ణ మొహం ఎర్రబడింది. కానీ వెంటనే సర్దుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, తిట్టుకో. నీకు ఆ హక్కుంది. ముందు ఇది చెప్పు, ఎక్కడిదాకా వచ్చావ్?"

జవాబు కోసం ఆగకుండా అతనే చెప్పుకుపోయాడు. "నేను చెప్పనా? పేరు పట్టుకున్నావ్. రికార్డులో ఒకటి, లెటర్లో ఒకటి. అక్కడినుంచి చర్చికి వెళ్లావ్. మైకు, వాట్సాప్ గ్రూపు. పిల్లల పేర్లు అక్కడినుంచే లీకయ్యాయి. నేనూ అక్కడికే వచ్చాను. నీ బుర్ర ఇంకా తుప్పు పట్టలేదు గోపికా."

ఇంత చిన్న మెప్పుకు గుండె ఎందుకు అంత ఎగిరిందో ఆమెకే సిగ్గేసింది. నూట పద్దెనిమిది దరఖాస్తులకు ఒక్కరూ 'లేదు' అని కూడా రాయలేదు. తను చేసిన పనిని చూసి బాగుంది అన్న మనిషి నాలుగు నెలల్లో ఇతనొక్కడే. తనను తీసేసిన మనిషే!

"భోంచేశావా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ మాట ఆమెను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. కళ్లలో నీళ్లు తిరిగితే కిటికీ వైపు చూసింది.

"ఒక స్టేట్‌మెంట్ రాసియ్యి. స్థానికంగా విచారించగా ఫలానా చర్చి గ్రూపు నుంచే వివరాలు బయటికి పోయాయని తేలింది, అని. నీ సంతకం ఉంటే ఈ ప్రాంతంలో దానికి విలువుంటుంది. సోమవారం నువ్వు హైదరాబాదు ఆఫీసులో ఉంటావ్. పాత పని, పాత జీతం. నాది పూచీ."

"ఆ ముగ్గురు పిల్లలు?"

"పోలీసులు చూసుకుంటారు. చర్చిలో నలుగురిని లోపలేస్తే అన్నీ బయటికొస్తాయి."

చాప మీద కూర్చున్న ముసలి పాస్టరు మొహం గుర్తొచ్చింది. నెలనెలా రిపోర్టులతో వెళ్లి ఎక్కిన ఆఫీసు లిఫ్టూ గుర్తొచ్చింది. సిగ్గు విడిచి చెప్పాలంటే లిఫ్టే ఎక్కువ గుర్తొచ్చింది. కాగితం ముందుకు లాక్కుంది.

"రాస్తూ ఉండు. కింద రెండు టీలు చెప్పొస్తా," అని అతను లేచి వెళ్లాడు.

మొదటి వరుసలో బాధితుడి పేరు, అడ్రసు రావాలి. పదకొండేళ్ల అలవాటు, కనుక్కోకుండా ఒక్క అడ్రసూ రాయదు. ఫోను స్పీకరులో పెట్టి, కలం పట్టుకునే ఎలీషబాకు చేసింది.

"పెద్దమ్మా, ఈ వీరమ్మ గారి ఇల్లు మీకు ఎదురేనా?"

"వీరమ్మా? ఆయమ్మ పోయి రెండేండ్లాయె కదమ్మా. ఇల్లు గూడా పడగొట్టినారు, ఇప్పుడు ఖాళీ జాగా. ఇప్పుడెవురన్నా అడిగితే నీళ్లట్యాంకు కాడ అంటాం."

"చర్చిలో వాళ్లెవరైనా ఇంకా వీరమ్మ ఇంటికాడ అంటారా?"

"ఎందుకంటారు? మట్టి చేసింది వాళ్లే గదా. పాస్టరయ్యగారు ఈడనే ఉండారు, అడుగు."

కలం కాగితం మీద ఆగిపోయింది.

వీరమ్మ. మేకల దొడ్డి. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. తాళం వేసిన ఇల్లు, ఎదురింటి అరుగు మీద ఒక ముసలామె. 'క్రాంతి కుమారా? ఆ పేరుగలోడు ఈ పక్క ఎవుడూ ల్యాడే' అంది. ఫోటో చూపిస్తే, 'ఓ, తిమోతి! వానికి ఆ పేరెందుకు పెట్టినావే?' అని నవ్వి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, సాక్షిగా వేలిముద్ర వేసింది. నాలుగేళ్లయింది. వందల ఇళ్లలో అదొక ఇల్లు. ఆ ఇంటి గడప మీదే ఈ ఉదయం గంటసేపు కూర్చుని గుర్తుపట్టలేకపోయింది. ఎదురుగా వీరమ్మ ఇల్లు లేదు మరి.

కంపెనీ ఫారంలో లేని ఒక కాలమ్‌ను గోపిక తనే గీతలు కొట్టి కలుపుకునేది. ఊళ్లో పిలిచే పేరు. ఈ పల్లెల్లో అది లేకపోతే రేపు ఇంకెవరు వచ్చినా మనిషి దొరకడు. మరే ఊళ్లోనూ, మరే వెరిఫయరూ ఆ పని చేయలేదు. 'ఈ కాలమ్ ఎవడు చదువుతాడు?' అని మోహన్‌కృష్ణ విసుక్కునేవాడు. ఎవడో చదివాడు. ఈ ఉత్తరం చర్చి నుంచి రాలేదు. తన చేత్తో రాసిన రిపోర్టులోంచి వచ్చింది.

ఆ ఫారంలో చివరి వరుస కూడా ఇప్పుడు కళ్లకు కట్టింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు? తల్లి ఒక్కతే. తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. మాయమైతే గట్టిగా అడిగేవాళ్లు ఎవరూ లేరని కంపెనీ కాగితం మీద తనే రాసిచ్చింది. అర్ధవీడు, బేస్తవారిపేట, హనుమంతునిపాడు, అలాంటి ఇళ్లు ఎన్ని రాసిందో! వెతుక్కునేవాడికి అంతకన్నా మంచి జాబితా ఎక్కడ దొరుకుతుంది?

మెట్ల మీద అడుగులు వినిపించాయి.

"పెద్దమ్మా," అంది గొంతు తగ్గించి, "ఫోను పెట్టెయ్యొద్దు. మాట్లాడొద్దు. ఏం విన్నా సరే." ఫోను తలకిందులుగా బల్ల మీద పెట్టింది.

మోహన్‌కృష్ణ రెండు కప్పులతో వచ్చాడు. కాగితం చూశాడు. "ఇంకా మొదలే పెట్టలేదా?"

"పేరు దగ్గర ఆగా. మన పాత రిపోర్టులు ఇప్పుడు ఎవరి దగ్గరుంటాయి సార్?"

"సర్వర్లో. ఎందుకు?"

"మేం పోయాక వాటిని తెరిచి చూడగలిగేది ఎవరు? టీం లీడరొక్కడేగా?"

అతను కప్పులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఒలికింది. తుడవలేదు. వెళ్లి తలుపు మూసి గొళ్లెం పెట్టి, జేబులోంచి తాళంచెవి తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. శ్రీరాములుకు తిరిగి రాని తాళంచెవి.

"ఆ కార్డు పాతది," అన్నాడు మెడలోది తీసి ఫైలు మీద పడేస్తూ. "నన్నూ తీసేశారు. జూన్‌లో. నాకు ఏడు నిమిషాలే ఇచ్చారు, నీకంటే రెండు తక్కువ."

గోపిక నోరు వెళ్లబెట్టింది. ఏమైనా అనుకుందిగానీ ఇది అనుకోలేదు.

"నలభై తొమ్మిదేళ్లు నాకు. ఎన్నింటికి అప్లై చేశానో లెక్క పెట్టడం మానేశాను. నాకు పనిచ్చింది వీళ్లొక్కరే. మనుషుల్ని పంపమన్నారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు. నా దగ్గరున్న ఆస్తి అంతా కాపీ తీసి దాచుకున్న ఆ రిపోర్టులే. అందులోని నంబర్లకు ఫోన్ చేస్తే ఎవరికి ఉద్యోగం పోయిందో వాళ్లే చెప్పారు. అందులో నీవే బాగున్నాయి. నీ అంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు."

గోపిక స్టేట్‌మెంటు కాగితం పక్కకు తోసింది. "ఏం పని చేయిస్తారు వాళ్లచేత?"

"బయటి దేశంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్లు చేయాలి. జనాన్ని నమ్మించి డబ్బు వేయించుకోవాలి. చంపట్లేదుగా! ఉద్యోగమేగా అడిగింది వాళ్లు?"

"పాస్‌పోర్టు తిరిగి ఇస్తారా?"

అతను వాచీ చూసుకున్నాడు.

"తిమోతి ఎక్కడున్నాడు సార్?"

"మద్రాసులో. ఎయిర్‌పోర్టు దగ్గర లాడ్జిలో. రాత్రి పదకొండున్నరకు ఫ్లైటు, ముగ్గురికీ. అప్పటిదాకా నువ్వీ గదిలో కూర్చుంటే నిన్నెవరూ ఏమీ అనరు. ఆ తర్వాత నువ్వేం అరిచినా పర్లేదు." అతను ముందుకు వంగాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "నువ్వు గిద్దలూరు వచ్చినట్టు ఎవరికి తెలుసు గోపికా? ఇంట్లో ఎవరున్నారు?"

పదకొండేళ్లలో మొదటిసారి గోపిక తప్పుడు రిపోర్టు ఇచ్చింది. "నాయన, తమ్ముడు. కింద బస్టాండు దగ్గరే ఉన్నారు. పది నిమిషాల్లో పైకొస్తారు."

మోహన్‌కృష్ణ నిట్టూర్చాడు. "మీ నాన్న పోయినప్పుడు ఐదు రోజులు లీవు శాంక్షన్ చేసింది నేనే. తమ్ముడు ఎప్పుడూ లేడు. నీకెవరూ లేరమ్మా. నిన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు."

అది అబద్ధం కాదు. ఈ నాలుగు నెలలు రోజూ పడుకునే ముందు తనకు తాను చెప్పుకుంటున్న మాటే అది.

"నేనుండా నాయనా."

అతను ఉలిక్కిపడి గది నాలుగు మూలలా చూశాడు.

"ఆ పిల్లను అడిగేదానికి నేనుండా." గొంతు బల్ల మీద నుంచి వస్తోంది. వణుకుతోంది, కానీ ఆగడం లేదు. "మాట్లాడొద్దంటే ఇంతసేపు నోరు మూసుకోనుంటి. ఇంక నా వల్ల కాదు."

మోహన్‌కృష్ణ ఫోను మీదికి ఎగబడ్డాడు. గోపిక ముందే లాక్కుని రెండు చేతులతో గుండెకు అదుముకుని గోడకు ఆనుకుంది. కుర్చీ పడిపోయింది. అతను కిటికీలోంచి వెనక సందులోకి ఎవరినో పేరు పెట్టి కేకేశాడు. కింద కారు తలుపు తెరుచుకుంది.

"మద్రాసు అంటివి. పదకొండున్నర అంటివి. అయ్యగారు అంతా రాసుకున్నారు, పోలీసోళ్లకు ఫోను కలపతాండారు. నీ పేరు గూడా చెప్పు నాయనా, రాసుకుంటారు."

"నేను చెప్తా పెద్దమ్మా!" గోపిక గొంతు చించుకుని అరిచింది. ఇంటిపేరుతో సహా మోహన్‌కృష్ణ పేరు చెప్పింది. హైదరాబాదులో అతని ఇల్లు, వీధి, తలుపు నంబరు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివరి అంకె చెబుతుండగా వెనక మెట్ల మీద, కారు దిగినవాడి బూట్ల చప్పుడు రెండు రెండు మెట్లుగా పైకి వచ్చింది, మోహన్‌కృష్ణ వెళ్లి గొళ్లెం తీశాడు.